నేను పాడితే మా కుక్క ఏడుస్తోంది, పాట మానుకోవాలా?

ప్రశ్న: నా వయసు 52 ఏళ్లు. కాకినాడలో ఒక ప్రైవేటు పాఠశాలలో లెక్కలు చెబుతాను. చిన్నప్పుడు బడిలో ప్రార్థన గీతానికి పిల్లలను ఎంపిక చేస్తూ మా సంగీతం మాస్టారు నన్ను వెనక వరుసలో నిలబెట్టి, ‘నువ్వు పెదవులు కదిపితే చాలమ్మా’ అన్నారు. ఆ తరువాత నలుగురిలో నేనెప్పుడూ పాడలేదు. మా అమ్మాయి పసితనంలో మాత్రం దానికి రోజూ జోల పాడేదాన్ని. నాలుగేళ్ల క్రితం వీధిలో దొరికిన కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకున్నాం, పేరు భీముడు. వాడికి అన్నం కలుపుతూ కూనిరాగాలు తీయడం మొదలుపెట్టి, మెల్లగా సాయంత్రం వంట చేస్తున్నంతసేపూ పాత సినిమా పాటలు, మా అమ్మ దగ్గర విన్న కీర్తనలు గొంతెత్తి పాడుకోవడం అలవాటు చేసుకున్నాను. మావారు ఏమీ అనరు, టీవీ శబ్దం కొంచెం పెంచుతారు, అంతే. సంక్రాంతికి వచ్చిన మా అమ్మాయి, నేను పాడుతుంటే భీముడు మోర ఎత్తి ఊళ పెట్టడాన్ని వీడియో తీసి కుటుంబమంతా ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టింది. అందరూ నవ్వారు. మా ఆడపడుచు మాత్రం, కుక్క ఏడవడం ఇంటికి మంచిది కాదు, వదినను ఆపమనండి అని రాసింది. ఆ వీడియోలో నా గొంతు నాకే వినబుద్ధి కాలేదు. ఆ రోజు నుంచి పాడడం లేదు. మూడు నెలలైంది. మొన్న మా అత్తగారు, ఆవిడకు 79 ఏళ్లు, ‘ఈ మధ్య వంటింట్లోంచి చప్పుడే రావడం లేదేమమ్మా’ అని అడిగితే ఏదో చెప్పి తప్పించుకున్నాను. శిక్షణ లేని గొంతుతో ఈ వయసులో పాడడం నవ్వులాటా? భీముడు నిజంగా బాధపడుతున్నాడా? ముందు సంగీతం నేర్చుకొని ఆ తరువాతే పాడాలా?

ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం: అమ్మా, మీరు అడిగిన మూడింటిలో ముందు భీముడి సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మీరు పాట ఆపింది వాడి వంకతోనే.

కుక్క మోర పైకెత్తి దీర్ఘంగా తీసే కూతను మనం ఊళ అంటాం, ఏడుపు అనీ అంటాం. ఆ రెండో మాటతోనే చిక్కు వచ్చింది. అర్ధరాత్రి వీధికుక్క ఊళ పెడితే ఎవరికో మూడిందని పెద్దలు అనుకొనేవారు. మీ ఆడపడుచుగారి భయం అక్కడి నుంచి వచ్చినదే కనుక ఆమెను తప్పుపట్టనక్కరలేదు. కానీ కుక్క తోడేలు సంతతి. తోడేళ్లు చెదిరిపోయిన గుంపును పిలుచుకోవడానికి, తామున్న చోటు తెలపడానికి ఊళ పెడతాయి; ఒకటి ఎత్తుకుంటే తక్కినవి అందుకుంటాయి, అందుకొనేటప్పుడు కూడా అన్నీ ఒకే స్థాయిలో కలవకుండా తలొక స్థాయినీ పట్టుకుంటాయి. వేల ఏళ్లుగా మన గుమ్మాల్లో పడుకుంటున్నా కుక్కకు ఆ అలవాటు పూర్తిగా పోలేదు. ఎక్కువసేపు నిలకడగా సాగే నాదం, అది అంబులెన్సు సైరన్ కానీ గుడిలో శంఖం కానీ, చెవిన పడితే కొన్ని కుక్కలు దానిని పిలుపుగా తీసుకొని బదులు పలుకుతాయి. మీ వీడియోను నేను చూడలేదు గానీ, నా అనుమానం ఇది: మీరు పల్లవి మామూలుగా పాడుతున్నంతసేపూ భీముడు ఊరుకొని ఉంటాడు, చరణంలో పై షడ్జానికి, అంటే పై ‘స’కు, ఎక్కి అక్కడ గొంతు నిలిపినప్పుడు అందుకొని ఉంటాడు. మీ శ్రుతి మీద వాడు తీర్పు చెప్పలేదు. మీరు పిలిచారనుకొని పలికాడు.

అయితే ఊళ పెట్టే ప్రతి కుక్కా సంతోషంగానే ఉందని నేను అనను. మన చెవికి 20,000 హెర్ట్జ్ దాటిన ధ్వని వినిపించదు, కుక్క చెవి దాదాపు 45,000 దాకా అందుకుంటుంది, పిల్లి చెవి 64,000 దాకా వెళుతుంది. దానికి తోడు మీరు పాడుతున్నది వంటింట్లో, అంటే గోడలకు టైల్సు, గట్టుకు గ్రానైటు, నాలుగు వైపులా స్టీలు గిన్నెలు ఉన్నచోట. అక్కడ ఏ శబ్దమైనా మెత్తగా ఇంకిపోదు, తిరిగి కొడుతుంది. కాబట్టి వాడి ఒంటిని చూడండి. చెవులు వెనక్కి అణచిపెట్టడం, తోక కాళ్ల మధ్యకు ముడవడం, నిద్ర రాకుండానే ఆవులించడం, తిండి ఏమీ లేకుండానే మూతి నాక్కోవడం, కంటి తెల్లభాగం కనిపించేలా పక్కచూపు చూడడం, లేచి వేరే గదిలోకి వెళ్లిపోవడం, ఇవి ఇబ్బందికి గుర్తులు. అలా కాకుండా వాడంతట వాడు వేరే గదిలోంచి వచ్చి ముందుకాళ్లు చాచి గుమ్మంలో పడుకొని, ఊళ పెట్టి, తోక ఆడిస్తూ మీ ముఖంలోకి చూస్తే, ఆ సాయంత్రం మీకు సహగాయకుడు దొరికినట్టే. మొదటి రకం గుర్తులు కనిపించిన రోజున గొంతు తగ్గించండి, ఎత్తయిన చోట్లు వదిలేయండి, వాడి తల మీదుగా వంగి పాడకండి.

‘శిశుర్వేత్తి పశుర్వేత్తి వేత్తి గానరసం ఫణిః’ అన్న మాటను, అంటే శిశువుకూ పశువుకూ పాముకూ కూడా పాటలోని రసం తెలుస్తుందన్న మాటను, సంగీత సభల్లో వక్తలు తప్పకుండా చెబుతుంటారు. ఫణి విషయంలో శ్లోకకర్త కొంచెం ఉదారంగా ఉన్నాడు. పాముకు బయటి చెవులు లేవు, నేల గుండా వచ్చే అదురును, గాలిలో వచ్చే మంద్రధ్వనిని మాత్రమే పసిగట్టగలదు, పాములవాడి ముందు పడగ ఊగేది నాదానికి కాదు, వాడు ఊదే నాగస్వరపు బుర్ర కదలికకు. పశువుల విషయంలో మాత్రం ఆయన మాట చాలావరకు నిలబడుతుంది. ఇంగ్లండులోని లెస్టర్ విశ్వవిద్యాలయం వారు 2001లో పాడి ఆవులకు నెమ్మదైన సంగీతం వినిపిస్తే పాల దిగుబడి సుమారు 3 శాతం పెరిగింది. స్కాట్లండులో గ్లాస్గో విశ్వవిద్యాలయం వారు, అక్కడి జంతు సంరక్షణ సంస్థతో కలిసి, ఆశ్రయ కేంద్రాల్లోని కుక్కలకు రకరకాల సంగీతం వినిపించి 2017లో ఫలితాలు ప్రకటించారు. సంగీతం సాగుతున్నప్పుడు కుక్కలు ఎక్కువసేపు పడుకొని ఉన్నాయి, ఒకే రకం రోజూ వినిపిస్తే దాని ప్రభావం తగ్గింది. అంటే భీముడికీ మీరు నెలల తరబడి ఒకే పాట పాడితే విసుగు పుడుతుందన్నమాట. అవి రికార్డు చేసిన సంగీతంతో జరిగిన ప్రయోగాలు. వంటింట్లో పాడేది వాడికి అన్నం పెట్టే మనిషి.

ఇక శిశువు. కెనడాలోని మాంట్రియల్ విశ్వవిద్యాలయంలో 2015లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఆరు నుంచి తొమ్మిది నెలల పసివాళ్లకు వారెన్నడూ వినని టర్కీ భాషలో మాటలు, పాటలు వినిపించారు. మాటలు వింటూ పిల్లలు సగటున నాలుగు నిమిషాల పైచిలుకు నెమ్మదిగా ఉన్నారు, పాట వింటూ తొమ్మిది నిమిషాల దాకా ఏడవకుండా ఉన్నారు. తెలియని భాషలో తెలియని మనిషి పాడితేనే అంత పనిచేసినప్పుడు, మీ అమ్మాయి ఎన్ని వందల రాత్రులు మీ జోల విని నిద్రపోయిందో ఒకసారి ఆలోచించండి. ఇవాళ గ్రూపులో నవ్వుకోవడానికి పెట్టిన ఆ గొంతే అప్పట్లో ఆ పిల్లకు నిద్ర. అది ఆమెకు గుర్తు లేకపోవచ్చు, మీకు గుర్తుండాలి కదా.

వీడియోలో మీ గొంతు మీకే నచ్చకపోవడం గురించి. ఎవరి గొంతు వారికి రెండు దారుల్లో వినిపిస్తుంది, ఒకటి గాలి గుండా చెవికి, రెండోది తలలోని ఎముకల గుండా లోపలి నుంచి. ఆ రెండో దారి మంద్రధ్వనులను బాగా మోస్తుంది కనుక మన గొంతు మనకు నిండుగా తోస్తుంది. రికార్డింగులో మొదటి దారి ఒక్కటే మిగులుతుంది. అందువల్ల పేరున్న గాయకులకు కూడా మొదటిసారి తమ గొంతు పలచగా, పరాయిగా వినిపిస్తుంది. పైగా అది ఫోను మైకు, పక్కన చిమ్నీ హోరు, మధ్యలో భీముడు. ఆ సాక్ష్యాన్ని ఏ న్యాయస్థానమూ ఒప్పుకోదు.

మీ సంగీతం మాస్టారి మాటను గురించి రాయడం నాకు కష్టం, ఎందుకంటే ఆ పని నేనూ చేశాను. 31 ఏళ్లు పిల్లలకు సంగీతం చెప్పినదాన్ని. ఒక ఆగస్టు 15కు దేశభక్తి గీతం సాధన చేయిస్తుండగా ఆరో తరగతి కుర్రవాడొకడు ప్రతిసారీ శ్రుతి తప్పుతుంటే, వేళ లేక, ‘నువ్వు జెండా పట్టుకో నాన్నా’ అన్నాను. వాడు సంతోషంగానే పట్టుకొన్నాడు, అందువల్ల తప్పు చేశానని ఏళ్ల తరబడి నాకు తోచలేదు. పెద్దవాడై తన పెళ్లికి పిలవడానికి వచ్చినప్పుడు, సంగీత్‌లో అందరూ పాడుతున్నారట, నువ్వేం పాడుతున్నావు అని అడిగితే, ‘నేను పాడనుగా టీచర్, నేను జెండావాణ్ణి’ అని నవ్వాడు. ఆ పిల్లవాడికి చెవి లేక కాదు. నేను ఆ పాటను నా గొంతుకు కుదిరిన శ్రుతిలో ఎత్తించాను, అది వాడికి అందలేదు. స్వరాల ఎక్కువ తక్కువలను చెవి నిజంగా పోల్చుకోలేని వారు నూటికి నలుగురికి మించరని అంచనా, కొందరు పరిశోధకులు అంతకన్నా తక్కువే అంటారు. మీరు వారిలో లేరు. వీడియో వినగానే ఎక్కడెక్కడ గొంతు జారిందో మీకు తెలిసింది కనుకనే మీరు బాధపడ్డారు. ఆ లోపం ఉన్నవారికి అది తెలియనే తెలియదు. లెక్కల టీచరుగారికి ఇంతకన్నా రుజువు అక్కరలేదనుకుంటాను.

నవ్వులాటా అన్న మీ ప్రశ్న అసలు ఎందుకు పుట్టిందో చూద్దాం. మీరు రోజూ తెల్లవారి వాకిట్లో ముగ్గు వేస్తారు. చుక్క ఒకటి పక్కకు పోతుంది, గీత ఒకటి లావవుతుంది, పాలవాడి సైకిలు దాని మీదుగా వెళుతుంది, మధ్యాహ్నానికి చెరిగిపోతుంది. ఏ చిత్రకళాశాలలో నేర్చుకొని వేస్తున్నారని ఎవరూ అడగరు, ప్రదర్శనకు పనికిరాని ముగ్గు ఎందుకని మీకూ అనిపించదు. పాట కూడా మన ఇళ్లలో మొన్నమొన్నటి దాకా అలాంటి పనే. రోలూ రోకలీ ఉన్న రోజుల్లో దంపుళ్ల పాట, తిరగలి పాట ఉండేవి. అవి ఒకరికి వినిపించడానికి పుట్టినవి కావు, పోటు పోటుకూ ఊపిరి అందడానికి పుట్టినవి. పెళ్లింట్లో నలుగు పాటలు, అప్పగింతల పాటలు, వియ్యపురాలిని ఆటపట్టించే పాటలు పాడినవారు అత్తలు, పిన్నులు, మేనత్తలు. వారిలో గొంతు బాగున్నవారు ఒకరో ఇద్దరో ఉండేవారు, తక్కినవారు వారి వెనక అందుకొనేవారు. పధ్నాలుగేళ్లు నిద్రపోయిన ఊర్మిళ కథను మధ్యాహ్నపు వేళ గంటసేపు పాడే ముసలమ్మలు ఉండేవారు. వారి గొంతు వణికినా కథ ఆగేది కాదు. తెలంగాణలో బతుకమ్మ తొమ్మిది రోజులూ ఒకరు చరణం చెబుతుంటే చుట్టూ తిరిగే వందమంది ‘ఉయ్యాలో’ అని కలుపుతారు, ఆ వందమందిలో ఎవరి శ్రుతి ఎంతని అడిగినవారు ఇంతవరకూ లేరు. గుమ్మం దాటి వేదిక ఎక్కిన పాటకు కొలతలు వేరు. ఆ కొలతలను ఇంట్లోకి మనమే తెచ్చుకొన్నాం. టీవీలో పాటల పోటీలు చూసి చూసి ప్రతి ఇంటి సోఫాలోనూ ఇద్దరు న్యాయనిర్ణేతలు తయారయ్యారు.

కచేరీ సంగీతానికి పెద్ద దిక్కయిన త్యాగరాజస్వామినే తీసుకోండి. ఆయన 1767లో పుట్టి 1847లో కన్నుమూశారు. తంజావూరు ఆస్థానం పిలిచినా వెళ్లలేదు. ఉత్సవ సంప్రదాయ కీర్తనలు అని మనం చెప్పుకొనేవాటిని ఆయన తిరువయ్యారులో తన ఇంటి పూజలోని రాముణ్ణి మేలుకొలపడానికి, ఊయల ఊపడానికి, హారతి ఇవ్వడానికి, పవ్వళింపజేయడానికి కట్టారు. కష్టమైన సంగతులు, అంటే ఒకే పాదాన్ని రకరకాలుగా మార్చి పాడే మెలికలు, లేకుండా, పక్కన కూర్చున్నవారు కూడా గొంతు కలపగలిగేలా అవి ఉంటాయి. అంతటి విద్వాంసుడు ఇంటికోసం వేరుగా పాటలు కట్టుకొన్నారంటే, ఇంటి పాట కచేరీకి చేరలేక మధ్యలో ఆగిపోయినది కాదని ఆయనకు తెలుసు.

ఇంతా చెప్పి, ఎలాగైనా పాడుకోండి అని వదిలేయను. అలవాటు ప్రకారం కొంచెం పాఠం చెబుతాను. మీరు సినిమా పాటలను ఫోనులో విని అదే స్థాయిలో ఎత్తుకొంటున్నారని నాకు అనిపిస్తోంది. అవి సాధన చేసిన గాయనుల గొంతులకు కుదిర్చినవి; యాభై దాటిన స్త్రీ గొంతు ఎంతో కొంత దిగుతుంది, అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. ఫోనులో తంబురా యాప్ ఒకటి పెట్టుకోండి. హార్మోనియం మీద తెల్లమెట్లను ఒకటి, రెండు అని లెక్కపెడతారు, నల్లమెట్లు వాటి మధ్య అరలు. కర్ణాటక సంగీతం పాడే ఆడవారు సాధారణంగా నాలుగున్నర నుంచి ఆరు శ్రుతి మధ్యలో పాడతారు. మీరు అయిదుతో మొదలుపెట్టి, కష్టమైతే నాలుగున్నరకు, ఇంకా కష్టమైతే నాలుగుకు దిగండి. ఏ పాటైనా ఎత్తుకొనే ముందు అందులో అన్నిటికన్నా పైకి వెళ్లే మాట ఎక్కడుందో వెతకండి, అది ఎక్కువగా చరణం మొదట్లో ఉంటుంది. ఆ ఒక్క మాటను మెడ నరాలు బిగియకుండా పలకగలిగే స్థాయి దొరికాక, అక్కడి నుంచి కిందికి వచ్చి పల్లవి ఎత్తుకోండి. ఈ ఒక్క అలవాటుతో మీ పాట సగం బాగుపడుతుంది, భీముడి ఊళలు కూడా కొంత తగ్గవచ్చు. కరోకే ట్రాకులతో పాడాలనుకుంటే వాటి స్థాయిని కూడా ఇలాగే దించుకోవాలి. నాకైతే వంటింట్లో అవి నచ్చవు, పాట మన వెంట రావాలి గానీ చారు మరుగుతున్నప్పుడు మనం ట్రాకు వెంట పరుగెత్తడమేమిటి?

మీరు రోజంతా తరగతి గదుల్లో గొంతు వాడుతున్నారు కనుక ఇంకో మాట. ఇంటికి రాగానే గొంతెత్తకండి. గోరువెచ్చని నీళ్లు తాగి, మూసిన పెదవులతో పది నిమిషాలు కూనిరాగం తీయండి. ఎండుమిర్చి పోపు వేస్తున్నప్పుడు మాత్రం నోరు విప్పకండి, ఆ ఘాటుకు ఏ విద్వాంసురాలి గొంతూ నిలవదు. బొంగురు మూడు నాలుగు వారాలు దాటినా పోకపోతే చెవి, ముక్కు, గొంతు వైద్యులకు చూపించండి.

మీవారు టీవీ శబ్దం పెంచుతారన్నారు. ఈ విషయంలో నేను సగం ఆయన పక్షం. పాడేవారి ఆనందం వినేవారికి కూడా తప్పక ఆనందమై తీరాలని లేదు. వార్తలు చూస్తున్న మనిషికి వంటింట్లోంచి వచ్చే ఆలాపన అడ్డే అవుతుంది. ఆయనను నేరుగా అడగండి, మీకు ఏ వేళ ఇబ్బంది అని. దీపం పెట్టే వేళ నుంచి వార్తలు మొదలయ్యే దాకా మీ గంట, ఆ తరువాత ఆయన గంట అని తేల్చుకొంటే రిమోటుకూ గొంతుకూ పోటీ ఉండదు. మీరు అపార్టుమెంటులో ఉంటే, పక్కింట్లో పరీక్షలకు చదివే పిల్లలున్న నెలల్లో కిటికీ వేసుకొని పాడండి. ఇవి చిన్న సంగతులే గానీ, ఇళ్లలో పాట ఆగిపోయేది ఎక్కువగా వీటి వల్లనే.

అమ్మాయితో మాత్రం స్పష్టంగా మాట్లాడాలి. ఆమె ఎగతాళి చేయాలని పెట్టలేదు. అమ్మ, కుక్క, వంటిల్లు కలిసి కనిపించేసరికి దూరంగా ఉన్నప్పుడు చూసుకోవడానికి దాచుకొనే దృశ్యంలా తోచి ఉంటుంది. అయినా, నన్ను అడగకుండా నా పాట ఎవరికీ పంపవద్దు, గ్రూపులోంచి దాన్ని తీసేయి అని చెప్పడం మీ హక్కు. చెప్పేటప్పుడు, తన దగ్గర ఉంచుకోవడానికి అభ్యంతరం లేదని కూడా చెప్పండి. ఆడపడుచుగారికి జవాబు రాయనక్కరలేదు. ఆవిడ ఈసారి ఇంటికి వచ్చినప్పుడు గుడిలో శంఖం ఊదే వేళకు భీముడిని చూపిస్తే సరిపోతుంది, శంఖనాదం అశుభమని ఆవిడ కూడా అనలేరు కదా.

సంగీతం నేర్చుకోవాలా అంటే, ఇష్టముంటే హాయిగా నేర్చుకోండి. మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలనే తొలి పాఠాలతో మొదలుపెట్టేవారికి వయసు అడ్డు కాదు. గురువుగారితో మొదటి రోజునే, నాకు పరీక్షలు వద్దు, వేదిక వద్దు, శ్రుతి నిలిస్తే చాలు అని చెప్పేయండి. కానీ మీ ప్రశ్నలో ‘ముందు’ అన్న మాట ఉంది, దానిని కొట్టేయండి. నేర్చుకున్నాక పాడతాననుకొన్నవారు పదేళ్ల తరువాత కూడా వర్ణమనే సాధన పాఠం దగ్గరే ఉండి, ఇంకా పాడకుండానే ఉండిపోవడం నేను చూశాను.

చివరికి మీ అత్తగారి మాట. మీరు దానిని దారినపోయే మాటలా రాసి వదిలేశారు, నేను మాత్రం ఉత్తరంలో ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివాను. ‘పాట రావడం లేదేమమ్మా’ అని ఆవిడ అనలేదు, ‘చప్పుడే రావడం లేదేమమ్మా’ అన్నారు. బాగా పాడతావనీ అనలేదు, సరిగ్గా పాడవనీ అనలేదు. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి తన గదిలో మంచం మీద కూర్చొని, వంటింట్లోంచి వచ్చే ఆ చప్పుడును బట్టి కోడలు బడి నుంచి వచ్చిందని, పొద్దు వాలిందని, కూర పొయ్యి మీదికి ఎక్కిందని తెలుసుకొంటూ ఉండి ఉంటారు. మూడు నెలలుగా ఆవిడ సాయంత్రాలకు ఆ ఆనవాలు లేదు. గ్రూపులో ఎందరు నవ్వారో మీరు లెక్కపెట్టుకొన్నారు, లేదని అడిగిన ఒక్కరిని లెక్కలోకి తీసుకోలేదు.

ఆవిడ వయసును బట్టి చూస్తే రేడియో కాలపు మనిషి. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. తెల్లవారుజామున భక్తిరంజని వస్తుంటే వాకిలి ఊడ్చేవారు, కాఫీ కలిపేవారు దానితో గొంతు కలుపుతూ పాటలు నేర్చుకొన్న తరం వారిది. ఆవిడకు వచ్చిన మంగళహారతి ఒకటి ఉండకపోదు. ఈ శుక్రవారం దీపం పెట్టాక అది నేర్పమని అడగండి. మొదట నాకేం వచ్చు, మరచిపోయాను అంటారు. మీరు మొదటి మాట తప్పుగా ఎత్తుకొంటే దిద్దడానికైనా పాడతారు. మాటలు ఒక నోటుపుస్తకంలో రాసుకోండి, కానీ ఆవిడ పాడుతుండగా రాయకండి, పాడడం అయ్యాక రాయండి. ఆవిడ శ్రుతి మీకు పొసగకపోతే మీరే దిగండి. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం వారు 2013లో గమనించినది ఒకటుంది: కలిసి పాడేవారు ఊపిరి ఒకేచోట తీసుకొంటారు కనుక వారి గుండెల వేగం కూడా కలిసి పెరుగుతుంది, కలిసి తగ్గుతుంది. అత్తాకోడళ్ల మీద ఎవరూ ఆ ప్రయోగం చేసినట్టు లేదు.

పాడే వేళ వంటింటి తలుపు మాత్రం బార్లా తీసే ఉంచండి. భీముడికి వద్దనిపిస్తే బయటికి పోవడానికి దారి ఉండాలి, ఆవిడ గదిలోకి చప్పుడు వెళ్లడానికీ అదే దారి.